మెకార్తీ కాలపు కథల్లో ఎవరికి ఎంత చోటు

2023 అక్టోబరులో అమెరికన్ టెలివిజన్‌లో ‘ఫెలో ట్రావెలర్స్’ అనే ఎనిమిది భాగాల ధారావాహిక మొదలైంది. 1950లలో వాషింగ్టన్‌లోని ప్రభుత్వ కార్యాలయాల్లో పనిచేస్తున్న స్వలింగ ప్రేమికులను వెతికి పట్టుకుని కొలువుల నుంచి వెళ్లగొట్టిన కాలం దాని నేపథ్యం. ఆధారం 2007లో వెలువడిన ఒక నవల. ఆ నవల ఇద్దరు తెల్లజాతి పురుషుల ప్రేమకథ. ధారావాహికలో కూడా కేంద్రం వాళ్లిద్దరే. అయితే నవలలో లేని రెండు ముఖ్యపాత్రలను తెర కోసం కొత్తగా సృష్టించారు. ఒకరు మార్కస్ గెయిన్స్ అనే నల్లజాతి విలేకరి, మరొకరు ఫ్రాంకీ హైన్స్ అనే నల్లజాతి డ్రాగ్ కళాకారుడు, అంటే స్త్రీవేషంలో ప్రదర్శనలిచ్చేవాడు.

ఇలాంటి చేర్పు జరిగిన ప్రతిసారీ ఒక అభ్యంతరం లేస్తుంది. నేటి అభిరుచికి తగ్గట్టు గతాన్ని దిద్దుతున్నారని, లెక్క సరిచూసుకోవడానికి పాత్రలను ఇరికిస్తున్నారని. దానికి జవాబు కూడా ఎప్పుడూ సిద్ధంగానే ఉంటుంది. ఇన్నాళ్లూ కనిపించనివాళ్లు కనిపించడమే గొప్ప, అంతకు మించి అడగనక్కరలేదని. ఈ రెండు వాదాలూ పైకి ఎదురెదురుగా నిలబడినా, వైవిధ్యాన్ని కథకు బయటి నుంచి అద్దే రంగుగా చూడడంలో మాత్రం ఒక్కటే. రాజకీయ వేధింపుల కథలో వైవిధ్యం బయటి విషయం కాదు. వేధించిన యంత్రాంగం అందరినీ ఒకే తీరున వేధించలేదు. ఎవరి మీద అనుమానం ఎందుకు వచ్చింది, పోగొట్టుకోవడానికి ఎవరి దగ్గర ఏమి మిగిలి ఉంది, ఎవరికి ఏ తలుపు ముందే మూసి ఉంది అన్నది జాతిని బట్టి, లింగాన్ని బట్టి, వర్గాన్ని బట్టి మారింది. ఆ తేడాలు చూపని నాటకం వేధింపు ఎలా పనిచేసిందో కూడా చూపలేదు.

ఆ యంత్రాంగం కమ్యూనిస్టుల వేటకు పేరుపడ్డ సెనేటర్ జోసెఫ్ మెకార్తీతో మొదలు కాలేదు. 1947 మార్చిలోనే అధ్యక్షుడు ట్రూమన్ ప్రభుత్వోద్యోగుల విధేయతను పరీక్షించే ఉత్తర్వు జారీచేశారు. 1950 ఫిబ్రవరి 9న వెస్ట్ వర్జీనియాలోని వీలింగ్‌లో మెకార్తీ విదేశాంగ శాఖ నిండా కమ్యూనిస్టులే ఉన్నారన్నట్టు ప్రసంగించి ఆ మంటకు ఆజ్యం పోశారు. ఆ నెలాఖరునే విదేశాంగ శాఖ ఉన్నతాధికారి జాన్ ప్యూరిఫాయ్ సెనేట్ ఉపసంఘం ముందుకు వచ్చి, భద్రతకు ముప్పని తమ శాఖ వదిలించుకున్న వాళ్లలో 91 మంది స్వలింగ సంపర్కులని చెప్పారు. అక్కడి నుంచి కమ్యూనిస్టుల కోసం గాలింపు, స్వలింగ ప్రేమికుల కోసం గాలింపు ఒకదానిలో ఒకటి కలిసిపోయాయి. ఈ రెండో గాలింపునే చరిత్రకారులు ‘లావెండర్ స్కేర్’ అంటున్నారు. వాషింగ్టన్ పోలీసుల్లో నైతిక నేరాల దళానికి అధిపతిగా ఉన్న రాయ్ బ్లిక్, నగరంలో 5,000 మంది స్వలింగ సంపర్కులున్నారని, వాళ్లలో 3,750 మంది ప్రభుత్వోద్యోగులని సెనేటర్లకు చెప్పాడు. అంకె చూస్తే ఎంతో కచ్చితం, ఆధారం చూస్తే ఏమీ లేదు. అయినా అది పత్రికలకెక్కింది, అధికారుల నోట నానింది.

1950 డిసెంబరులో సెనేటర్ క్లైడ్ హోయీ నాయకత్వంలోని ఉపసంఘం తన నివేదికను ప్రచురించింది. ఇలాంటి ఉద్యోగులను శత్రువులు బెదిరించి రహస్యాలు రాబట్టుకోగలరన్నది దాని ప్రధాన వాదన. అందుకు ఆ సంఘం చూపగలిగిన ఉదాహరణ మొదటి ప్రపంచయుద్ధానికి ముందటి ఆస్ట్రియా సైన్యాధికారి ఆల్ఫ్రెడ్ రెడ్ల్. 1913లో ఆత్మహత్య చేసుకున్న మనిషి. అమెరికన్ ఉద్యోగి ఒక్కరి పేరైనా చూపలేకపోయారు. అయినా 1953 ఏప్రిల్ 27న అధ్యక్షుడు ఐసెన్‌హోవర్ సంతకం చేసిన 10450వ నంబరు ఉత్తర్వు ‘లైంగిక వక్రత’ను ప్రభుత్వోద్యోగానికి అనర్హతల జాబితాలో చేర్చింది. ఆ గాలింపులో కొలువు పోగొట్టుకున్నవారు కనీసం 5,000 మంది ఉంటారని, అంతకు ఎన్నో రెట్లు ఉండవచ్చని చరిత్రకారుల అంచనా.

ఇక్కడే ప్రాతినిధ్యానికి సంబంధించిన మొదటి చిక్కు ఎదురవుతుంది. ఈ అంకెలన్నీ ప్రభుత్వ కొలువు దక్కించుకోగలిగిన వాళ్లవి. విదేశాంగ శాఖలో మంచి హోదా ఉన్న ఉద్యోగి అంటే ఆ రోజుల్లో దాదాపు ఎప్పుడూ తెల్లజాతి పురుషుడే. సమాఖ్య ప్రభుత్వంలో పనిచేసే నల్లజాతివారిలో అత్యధికులు కింది మెట్ల మీదే ఉండేవారు. అందువల్ల విచారణ పత్రాలనే చరిత్రగా తీసుకుని కథ అల్లితే తెల్లజాతి పురుషుల కథే వస్తుంది. అందులో రచయిత దురుద్దేశమేమీ అక్కరలేదు. పత్రాలే అలా పోగుపడ్డాయి.

అలాగని నల్లజాతివారు ఆ విచారణ గదుల్లో లేరా అంటే, ఉన్నారు. పెంటగాన్‌లో సైనిక సమాచార విభాగంలో గుమాస్తాగా పనిచేసిన ఆనీ లీ మాస్‌ను 1954 మార్చి 11న మెకార్తీ ఉపసంఘం ముందుకు పిలిపించారు. ప్రభుత్వ కాంటీన్లలో వంటపని నుంచి ఆ ఉద్యోగం దాకా ఎదిగిన నల్లజాతి మహిళ ఆమె. కమ్యూనిస్టు పార్టీ సభ్యుల జాబితాలో ఆమె పేరుందని ఆరోపణ. తను ఏనాడూ పార్టీలో లేనని ఆమె చెప్పింది. వాషింగ్టన్ టెలిఫోను పుస్తకంలో అదే పేరుతో ముగ్గురున్నారన్న సంగతి బయటికొచ్చింది. కార్ల్ మార్క్స్ గురించి అడిగితే ‘ఆయనెవరు?’ అని ఆమె తిరిగి అడగ్గానే హాలంతా నవ్వింది. విచారణ మధ్యలోనే మెకార్తీ లేచి వెళ్లిపోయారు. చెప్పుడు మాటల మీద ఆధారపడి మనిషిని దోషిగా నిలబెడుతున్నారని సెనేటర్ మెక్లెలన్ తప్పుపట్టినప్పుడు జనం చప్పట్లు కొట్టారు. సైన్యం తిరిగి ఉద్యోగంలోకి తీసుకోకపోతే తన దగ్గరికి రమ్మని, తాను పని ఇప్పిస్తానని సెనేటర్ సైమింగ్టన్ ఆమెకు మాటిచ్చారు. అయిదు రోజుల తర్వాత ప్రముఖ టెలివిజన్ విలేకరి ఎడ్వర్డ్ మర్రో తన కార్యక్రమంలో ఈ విచారణను ప్రసారం చేశాడు. మెకార్తీ ఖాళీ కుర్చీని కెమెరా పదేపదే చూపించింది. దేశం ఆమె పక్షాన నిలబడింది. 1955 జనవరిలో సైన్యం ఆమెను మరో పనిలోకి తీసుకుంది.

ఈ విచారణ దృశ్యాలను చూస్తున్నప్పుడు జనం ఆమెను ఎందుకు నమ్మారన్న ప్రశ్న వదలకుండా వేధిస్తుంది. ఆమె మెల్లగా, తడబడుతూ చదివింది. మార్క్స్ పేరు తెలియదంది. ఇంత అమాయకురాలికి రాజకీయాలేమిటని పత్రికలు జాలిపడ్డాయి. ఆమెకు దక్కిన సానుభూతిలో ఒక చులకన కలిసి ఉంది. పేద నల్లజాతి స్త్రీకి సొంత రాజకీయ ఆలోచన ఉండే అవకాశమే లేదన్న నమ్మకం ఆమెను కాపాడింది. 1958లో ప్రభుత్వ మండలి ఒకటి పార్టీ పత్రాల్లో ఆమె పేరు, చిరునామా ఉన్నట్టు తేల్చినప్పుడు ఆ జాలి కథకు ఏమి చేయాలో ఎవరికీ తోచలేదు. కానీ పేదల బస్తీల్లో అద్దె సమస్యల మీద, ఉద్యోగాల్లో వర్ణవివక్ష మీద పోరాడిన సంస్థల్లో కమ్యూనిస్టులు చురుకుగా ఉన్న రోజులవి. ఒక శ్రామిక మహిళ వాళ్లకు దగ్గరగా మసలి ఉంటే అందులో గూఢచర్యమూ లేదు, వింతా లేదు. ఆమె పూర్తిగా అమాయకురాలైతేనే అన్యాయం అన్యాయమవుతుందా? ఆమె రాజకీయ స్పృహ ఉన్న మనిషై ఉండి, అయినా ఆ విచారణ అన్యాయమే అయి ఉండకూడదా? ఆమె పాత్రను తెరకెక్కించాలనుకునే రచయిత ముందుగా తేల్చుకోవలసింది ఇదే. 2005లో వచ్చిన ‘గుడ్ నైట్, అండ్ గుడ్ లక్’ చిత్రంలో మాస్ విచారణ నాటి అసలు దృశ్యాలనే వాడారు. ఆమె ముఖం తెరమీద ఉంది, గొంతు వినిపిస్తుంది. కానీ ఆ కథలో ఆమె మర్రో చేసిన పోరాటానికి ఒక సాక్ష్యం మాత్రమే. గది నుంచి బయటికి నడిచిన తర్వాత ఆమె ఎక్కడికి వెళ్లిందో, ఇంట్లో ఎవరున్నారో, నెలల తరబడి జీతం లేకుండా ఎలా గడిపిందో ప్రేక్షకుడికి తెలియదు. కనిపించడానికీ ప్రాతినిధ్యానికీ మధ్య ఎంత దూరముందో చూపడానికి ఇంతకంటే మంచి ఉదాహరణ దొరకదు.

జాతి ప్రశ్న, విధేయత ప్రశ్న ఆ గదుల్లో విడివిడిగా ఉండేవి కావు. డొరొతీ బెయిలీ అనే ప్రభుత్వోద్యోగి కేసులో విధేయతా మండలి అడిగిన ప్రశ్నల్లో ఒకటి: రక్తాన్ని జాతుల వారీగా వేరుచేసి నిల్వచేయడం గురించి మీరు రెడ్‌క్రాస్‌కు ఎప్పుడైనా ఉత్తరం రాశారా? తెల్లవారి రక్తం, నల్లవారి రక్తం అని సీసాల మీద గుర్తుపెట్టే పద్ధతిని తప్పుపట్టడం కూడా విద్రోహానికి సూచన అయింది. ఆమె మీద చాడీ చెప్పినవారెవరో ఆమెకు చెప్పలేదు. మండలి సభ్యులకు కూడా ఆ పేర్లు తెలియవు. 1951లో సుప్రీంకోర్టు నాలుగుకు నాలుగుగా చీలిపోవడంతో ఆమె తొలగింపు అలాగే నిలిచింది. నల్లజాతి గాయకుడు, నటుడు పాల్ రోబ్సన్ పాస్‌పోర్టును 1950లో రద్దుచేశారు. ఎనభై మూడేళ్ల నల్లజాతి మేధావి డబ్ల్యూ.ఇ.బి. డుబోయిస్‌ను 1951లో విదేశీ ప్రతినిధిగా నమోదు కాలేదన్న అభియోగంతో కోర్టుకెక్కించారు. కేసు నిలబడలేదు. ట్రినిడాడ్‌లో పుట్టి, న్యూయార్క్‌లోని నల్లజాతి బస్తీ హార్లెంలో పెరిగిన కమ్యూనిస్టు నాయకురాలు క్లాడియా జోన్స్‌ను జైల్లో పెట్టి, 1955 డిసెంబరులో దేశం నుంచి పంపించేశారు. వీళ్లందరి విషయంలో కమ్యూనిజం ఒక ఆరోపణ అయితే, జాతి సమానత్వాన్ని గట్టిగా కోరడం దానికి రుజువు. 1956 జూన్‌లో ప్రతినిధుల సభ సంఘం ముందు రోబ్సన్‌ను, మీకు రష్యా అంత నచ్చితే అక్కడే ఎందుకు ఉండిపోలేదని అడిగారు. తన తండ్రి బానిసగా బతికాడని, తనవాళ్లు చచ్చి ఈ దేశాన్ని కట్టారని, ఇక్కడే ఉండి తన వాటా తీసుకుంటానని ఆయన జవాబిచ్చాడు. తెల్లజాతి ఉద్యోగి నోట ఈ జవాబు రాదు, రాలేదు. అతనికి ఆ దేశంలో తన వాటా ఉందా అన్న అనుమానం అప్పటిదాకా కలగలేదు.

‘ఫెలో ట్రావెలర్స్’లోని విలేకరి మార్కస్ పాత్ర బలం ఇక్కడే ఉంది. అతను తిరిగే వాషింగ్టన్ ఎలాంటిదో గుర్తుచేసుకోవాలి. రాజధాని నడిబొడ్డున ఉన్న థామ్సన్ రెస్టారెంటు నల్లజాతివారికి వడ్డించడానికి నిరాకరించింది. తొంభై ఏళ్లకు చేరువైన మేరీ చర్చ్ టెరెల్ నాయకత్వంలో సాగిన పోరాటం ఫలించి, 1870ల నాటి పాత చట్టాలు ఇంకా చెల్లుతాయని, అలా నిరాకరించడం నేరమని సుప్రీంకోర్టు 1953 జూన్ 8న చెప్పేదాకా ఆ పరిస్థితి మారలేదు. పత్రికారంగంలోనూ ఇదే తీరు. నల్లజాతి విలేకరి లూయిస్ లాటియర్‌కు సెనేట్ విలేకరుల గ్యాలరీలో చోటు దొరికింది 1947లో. నేషనల్ ప్రెస్ క్లబ్‌లో తొలి నల్లజాతి సభ్యుడిగా ఆయనకు ప్రవేశం దొరికింది 1955లో. శ్వేతసౌధం వార్తలు రాసే గుర్తింపు పొందిన తొలి నల్లజాతి మహిళ ఆలిస్ డనిగన్, 1953లో సెనేటర్ టాఫ్ట్ అంత్యక్రియల వార్త రాయడానికి వెళ్తే సేవకుల వరసలో కూర్చోబెట్టారు. మరుసటి ఏడాది నల్లజాతి పత్రిక షికాగో డిఫెండర్ విలేకరి ఎథెల్ పేన్, అంతర్రాష్ట్ర ప్రయాణాల్లో వర్ణవివక్షను నిషేధించడానికి ప్రభుత్వం ఏమి చేస్తుందని అడిగితే ఐసెన్‌హోవర్ అందరి ముందూ చిరాకుపడ్డారు.

అంటే నల్లజాతి విలేకరికి నిఘా కొత్త అనుభవం కాదు. ఎక్కడ కూర్చోవచ్చో, ఏ గేటు నుంచి లోపలికి రావచ్చో, ఎంత గట్టిగా మాట్లాడవచ్చో అనుక్షణం లెక్కవేసుకోవడం అతని వృత్తిలో భాగం. స్వలింగ ప్రేమ అనే రహస్యం ఆ లెక్కకు తోడయ్యేది. విదేశాంగ శాఖలో హోదా అనుభవిస్తున్న తెల్లజాతి కథానాయకుడికి భయమంటే ఉన్న చోటి నుంచి పడిపోవడం. విలేకరికి భయమంటే అప్పుడప్పుడే తెరుచుకుంటున్న తలుపు తనవల్ల మళ్లీ మూతపడడం, దాంతోపాటు తన వెనక వస్తున్నవాళ్లందరికీ మూతపడడం. నాటకానికి ఈ రెండు భయాలూ కావాలి. ఒకదాన్ని మాత్రమే చూపితే వేధింపు అనేది హాయిగా ఉన్నవాళ్ల జీవితంలో హఠాత్తుగా జరిగిన ప్రమాదంలా కనిపిస్తుంది. కొందరికి అది హఠాత్తుగా వచ్చింది, మరికొందరికి పాతదే కొత్త పేరుతో వచ్చింది.

నల్లజాతి పౌరహక్కుల నాయకుడు బేయర్డ్ రస్టిన్ జీవితం చూస్తే ఇది కల్పన కాదని తెలుస్తుంది. యవ్వనంలో కొంతకాలం కమ్యూనిస్టు యువజన సంఘంలో ఉన్నాడు, యుద్ధంలో చేరనని జైలుకు వెళ్లాడు, 1953 జనవరిలో పాసడీనాలో మరో పురుషుడితో ఉన్నందుకు అరెస్టయ్యాడు. హార్లెం నుంచి ఎన్నికైన నల్లజాతి ప్రతినిధి ఆడమ్ క్లేటన్ పావెల్ 1960లో, రస్టిన్‌ను దూరం పెట్టకపోతే అతనికీ మార్టిన్ లూథర్ కింగ్‌కూ సంబంధం ఉందని పుకారు పుట్టిస్తానని బెదిరించాడు. రస్టిన్ పక్కకు తప్పుకోవలసి వచ్చింది. 1963 ఆగస్టులో వాషింగ్టన్‌లో పౌరహక్కుల మహాప్రదర్శనకు ఏర్పాట్లన్నీ అతనే చూస్తున్నప్పుడు, సెనేటర్ స్ట్రామ్ థర్మండ్ సభలోనే ఈ మూడు సంగతులూ ఏకరువు పెట్టాడు. ఈసారి నల్లజాతి కార్మిక నాయకుడు ఎ. ఫిలిప్ రాండాల్ఫ్, మిగతా నాయకులు రస్టిన్ వెంట నిలిచారు. ఆ ప్రదర్శన ఆగస్టు 28న జరిగింది. సొంతవాళ్ల వైపు నుంచి ఒకసారి బెదిరింపు, మరోసారి అండ. అణచివేతకు గురైన సమాజాన్ని మచ్చలేని ఏకశిలగా చూపే నాటకం ఈ రెండింటినీ పోగొట్టుకుంటుంది. నల్లజాతి సమాజంలో స్వలింగ ప్రేమ పట్ల ఉన్న బిడియాన్ని చూపితే ఆ సమాజాన్ని కించపరిచినట్టవుతుందని, తెల్లజాతి స్వలింగ ప్రేమికుల్లోని వర్ణవివక్షను చూపితే వాళ్ల బాధ పలచబడుతుందని రచయితలు వెనకాడుతుంటారు. ప్రేక్షకులను అంత తక్కువగా అంచనా వేయనక్కరలేదు.

స్త్రీల విషయంలో ఇలాంటి నాటకాలు ఇంకా వెనకబడే ఉన్నాయి. రహస్యజీవితం గడిపే భర్తను అర్థం చేసుకోలేక కుమిలిపోయే భార్య పాత్ర ఎప్పుడూ దొరుకుతుంది. తానే ఆ గాలింపుకు గురైన ఉద్యోగిని పాత్ర దొరకడం అరుదు. సైన్యంలోనూ ప్రభుత్వ శాఖల్లోనూ అలా తొలగించిన స్త్రీలు లేకపోలేదు. 1955లో శాన్‌ఫ్రాన్సిస్కోలో ‘డాటర్స్ ఆఫ్ బిలిటిస్’ అనే స్వలింగ ప్రేమిక స్త్రీల సంస్థ పుట్టింది కూడా ఆ వాతావరణంలోనే. 1965లో శ్వేతసౌధం ముందు జరిగిన ఒక నిరసన ఫొటో ఉంది. నల్లద్దాలు పెట్టుకున్న ఒక నల్లజాతి యువతి అందులో కనిపిస్తుంది. సమాన అవకాశాన్ని నిరాకరించడం అనైతికమని ఆమె చేతిలోని అట్ట చెబుతుంది. చుట్టూ ఉన్నవాళ్లంతా తెల్లజాతివారు. ఆమె ఎర్నెస్టైన్ ఎక్‌స్టైన్. ఉద్యమంలో వాడుకున్న ఆ పేరు కూడా అసలు పేరు కాదు, ఉద్యోగం కాపాడుకోవడానికి పెట్టుకున్నది. 1966 జూన్‌లో ఆ సంస్థ పత్రిక ‘ద ల్యాడర్’ ముఖచిత్రం మీద ఆమె ఫొటో వేసి ఇంటర్వ్యూ ప్రచురించింది. ఒక పెద్ద నాటకానికి సరిపడా వస్తువు ఆ ఒక్క జీవితంలో ఉంది. తెరకెక్కిన కథల్లో ఆమెకు తగిన చోటు ఇంకా దొరకలేదు.

వేధించినవారిని ఎలా చూపుతున్నారన్నది కూడా ప్రాతినిధ్యమే. దీన్ని ఎక్కువమంది పట్టించుకోరు కానీ చాలా పొరపాట్లు ఇక్కడే జరుగుతాయి. మెకార్తీ ఉపసంఘానికి ప్రధాన న్యాయవాదిగా పనిచేసిన రాయ్ కోన్ నాటకకర్తలకు ఎంతో ఇష్టమైన పాత్ర. యూదుడు, రహస్యంగా పురుషులను ప్రేమించినవాడు, స్వలింగ ప్రేమికుల వేటలో పాలుపంచుకున్నవాడు, 1986లో ఎయిడ్స్‌తో చనిపోయినవాడు. ఇంత వైరుధ్యం ఒకే మనిషిలో దొరికితే ఏ రచయిత వదులుకుంటాడు? తెరమీద అతను ఉన్న ప్రతి సన్నివేశమూ రక్తికడుతుంది. ఇబ్బందల్లా, అతన్నే మొత్తం యంత్రాంగానికి ముఖంగా చేస్తే ఒక ప్రభుత్వ విధానం కాస్తా ఒక మనిషి ఆత్మద్వేషంగా కుదించుకుపోతుంది. తమను తాము ద్వేషించుకున్న స్వలింగ ప్రేమికులే తోటివాళ్లను వేటాడారన్న భావన మిగులుతుంది. అప్పుడు బాధితులూ వాళ్లే, దోషులూ వాళ్లే. ఉత్తర్వులు రాసి, సంతకాలు పెట్టి, ఫైళ్లు కదిపిన వేలాదిమంది సాధారణ అధికారులు చల్లగా జారుకుంటారు.

చరిత్ర చెప్పేది వేరు. ఉపసంఘాన్ని నడిపిన క్లైడ్ హోయీ నార్త్ కరోలినాకు చెందిన డెమోక్రాటు. ఈ గాలింపు కోసం గొంతు చించుకున్న కెనెత్ వెరీ నెబ్రాస్కాకు చెందిన రిపబ్లికన్. రెండు పార్టీల సంప్రదాయ గృహస్థులూ కలిసి నడిపిన వ్యవహారమిది. 1954 డిసెంబరు 2న సెనేట్ మెకార్తీని 67–22 ఓట్లతో అభిశంసించింది. 1957 మేలో ఆయన చనిపోయారు. సైన్యం పటాల విభాగంలో పనిచేస్తున్న ఖగోళ శాస్త్రవేత్త, హార్వర్డ్ పట్టభద్రుడు, రెండో ప్రపంచయుద్ధంలో పోరాడిన ఫ్రాంక్ కామెనీని స్వలింగ ప్రేమికుడన్న కారణంతో తొలగించింది 1957 చివర్లో, అంటే మెకార్తీ పోయిన తర్వాత. ఆయన సుప్రీంకోర్టు దాకా వెళ్లాడు, 1961లో కోర్టు వినడానికే నిరాకరించింది. ప్రభుత్వోద్యోగాల్లో ఈ నిషేధం 1975 దాకా సాగింది. మెకార్తీ పతనంతో చీకటి తొలగినట్టు ముగిసే ప్రతి నాటకమూ ఈ పద్దెనిమిదేళ్లను మింగేస్తోంది. విలన్‌కు శిక్ష పడగానే ప్రేక్షకుడు ఊపిరి పీల్చుకుంటాడు. కామెనీకి ఆ అవకాశం లేకపోయింది.

ఇక జాతిని పట్టించుకోకుండా ఏ పాత్రకైనా ఏ నటుడినైనా తీసుకునే పద్ధతి ఉంది. రాజుల కాలపు ప్రేమకథల్లో, సంగీత నాటకాల్లో అది అందంగా కుదరవచ్చు. వేధింపుల చరిత్రలో కుదరదు. 1950లలో అమెరికా సెనేట్‌లో ఒక్క నల్లజాతి సభ్యుడూ లేడు. 1881 తర్వాత మళ్లీ ఒకరు అడుగుపెట్టింది 1967లోనే. 1954లో ప్రతినిధుల సభలో ఉన్నవారు ఇద్దరంటే ఇద్దరు. మెకార్తీ ఎదురుగా ఒక నల్లజాతి సెనేటర్‌ను కూర్చోబెడితే నటుడికి మంచి అవకాశం దొరుకుతుంది కానీ, ఆనీ లీ మాస్ ఆ గదిలోకి అడుగుపెట్టినప్పుడు బల్లకు అవతల ఉన్న ముఖాలన్నీ తెల్లనివేనన్న నిజం చెదిరిపోతుంది. ఆ దృశ్యంలోని బరువంతా ఆ నిజం మీదే ఉంది. ‘ఫెలో ట్రావెలర్స్’ ఆ దారి పట్టకుండా, నల్లజాతి పాత్రలను ఆ కాలం వాళ్లను ఎక్కడ నిలబెట్టిందో అక్కడే ఉంచి, అక్కడి నుంచి వాళ్ల కోరికలనూ కోపాన్నీ చూపింది. ఇది మెచ్చుకోదగ్గ నిర్ణయం. ప్రధాన పాత్రలకు తమ స్వలింగ ప్రేమను బాహాటంగా చెప్పుకున్న నటులు మ్యాట్ బోమర్, జొనాథన్ బెయిలీలను తీసుకోవడం కూడా అంతే. ఒకప్పుడు అలా చెప్పుకున్నందుకే నటుల జీవితాలు ముగిసిపోయేవి కనుక, ఈ వస్తువుకు ఆ ఎంపిక ప్రత్యేకంగా తగింది.

వేధింపు తెరను కూడా వదల్లేదన్నది ఈ చర్చలో తరచూ మరుగున పడే సంగతి. ఎవరి కథలు తెరమీదికి రావాలో నిర్ణయించడమే ఆ గాలింపు లక్ష్యాల్లో ఒకటి. అమెరికన్ టెలివిజన్‌లో సొంత కార్యక్రమం నడిపిన తొలి నల్లజాతి మహిళ, పియానో విద్వాంసురాలు హేజెల్ స్కాట్ 1950 సెప్టెంబరులో ప్రతినిధుల సభ సంఘం ముందు తన పేరును కాపాడుకోవడానికి స్వయంగా హాజరైంది. వారం తిరిగేసరికి ఆమె కార్యక్రమాన్ని ఆపేశారు. న్యూ మెక్సికోలో మెక్సికన్ అమెరికన్ గని కార్మికుల సమ్మె ఆధారంగా, హాలీవుడ్ బహిష్కరించిన కళాకారులు ‘సాల్ట్ ఆఫ్ ది ఎర్త్’ తీశారు. కార్మిక నాయకుడు హువాన్ చకోన్ నాయకుడిగా నటించాడు, కార్మికులు, వాళ్ల కుటుంబాలు మిగతా పాత్రలు వేశారు. కోర్టు ఉత్తర్వు కార్మికులను అడ్డుకుంటే వాళ్ల భార్యలు వచ్చి సమ్మె వరసలో నిలబడిన నిజమైన సంఘటన కథకు గుండెకాయ. చిత్రీకరణ మధ్యలోనే ప్రధాన నటి రొసౌరా రెవుయెల్తాస్‌ను అరెస్టు చేసి మెక్సికోకు పంపించేశారు. 1954లో విడుదలైనప్పుడు చాలా కొద్ది థియేటర్లు మాత్రమే దాన్ని ప్రదర్శించాయి. ఒక శ్రామిక సమాజం తన కథను తానే నటించి చెప్పుకోబోతే రాజ్యం అడ్డుపడిన సందర్భమిది. నాటకంలో వైవిధ్యం నేటి ఫ్యాషన్ అనేవాళ్లు ఒక్కసారి ఈ సినిమాకు పట్టిన గతి చూడాలి. ఆ వైవిధ్యం అప్పుడే రాబోయింది, బలవంతంగా ఆపారు.

కల్పిత పాత్రల ప్రశ్నకు జవాబు కూడా ఇందులోనే దొరుకుతుంది. అణచివేత కాలాల్లో మిగిలే పత్రాలు చాలావరకు అణచినవాళ్లు రాసినవే. నిఘా నివేదికలు, విచారణ ప్రతులు, తొలగింపు ఉత్తర్వులు. ప్రేమలేఖలను భయంతో కాల్చేశారు, డైరీలను కుటుంబాలు పారేశాయి. ప్రభుత్వ కొలువు లేని నల్లజాతి ప్రేమికుడికి ఆ పాటి ఫైలు కూడా ఉండదు. 2017 జనవరిలో విదేశాంగ మంత్రి జాన్ కెరీ ఆ శాఖ చేసిన అన్యాయానికి క్షమాపణ చెప్పినప్పుడు, అది చేరింది ఆ శాఖ ఉద్యోగులకూ ఉద్యోగార్థులకూ. ఏ జాబితాలోనూ లేనివారికి ఏ శాఖా బాకీ పడదు. అలాంటి చోట పత్రిక కార్యాలయాలు, క్లబ్బులు, బస్తీలు, అరెస్టుల రికార్డుల గురించి తెలిసిన వాస్తవాల మధ్య నుంచి ఒక మనిషిని ఊహించి నిలబెట్టడం తప్పు కాదు, అవసరం. ఆ ఊహకు హద్దులుంటాయి. 1954లో ఏ రెస్టారెంటులో కూర్చోగలిగేవాడో, ఏ క్లబ్బులో అడుగుపెట్టలేకపోయేవాడో పాత్ర మాటల్లో, నడకలో తెలియాలి. ఆ పాత్రకు సొంత కోరిక ఉండాలి. తెల్లజాతి కథానాయకుడి మనస్సాక్షిని మేల్కొలపడానికి మాత్రమే పుట్టినట్టు ఉండకూడదు.

ఈ కొలతతో చూస్తే ధారావాహిక చాలావరకు నెగ్గింది. మార్కస్, ఫ్రాంకీల బంధం 1950ల నుంచి 1980ల దాకా సాగుతుంది. ప్రధాన జంట ప్రేమ భయంలోనూ ద్రోహంలోనూ విరిగిపోతుంటే, వీళ్లది గొడవపడుతూ, నిలదొక్కుకుంటూ ఒక కాపురంగా స్థిరపడుతుంది. స్వలింగ ప్రేమికుల చరిత్ర అంతా చావులూ ఎడబాట్లేనన్న అలవాటైన కథనానికి ఇది గట్టి జవాబు. లోటు ఒకటుంది. ప్రభుత్వ గాలింపు ఎక్కువగా తెల్లజాతి పాత్రలనే నేరుగా తాకుతుంది, ఈ ఇద్దరి కథ దానికి పక్కగా నడుస్తుంది. డొరొతీ బెయిలీని రెడ్‌క్రాస్ రక్తం గురించి అడిగినట్టుగా, జాతి ప్రశ్నా విధేయత ప్రశ్నా ఒకే విచారణ బల్ల మీద ఢీకొనే సన్నివేశం అక్కడ పడి ఉంటే, రెండు కథలూ ఒక్క కథని ప్రేక్షకుడికి కళ్లకు కట్టేది. ఆ సన్నివేశానికి కావలసిన ప్రశ్నలూ జవాబులూ కల్పించనక్కరలేదు, 1940ల చివరి విచారణ ప్రతుల్లో రాసి ఉన్నాయి.